చట్టం వచ్చింది సరే, అన్నయ్య మాత్ర ఏది? మానసిక ఆరోగ్య సేవల్లో నిజంగా ఏం మారింది?

మాత్రలడబ్బా
కోపం మీద రాస్తున్నా, మాట తూలితే సర్దుకోండి.

మా అన్నయ్యకి స్కిజోఫ్రీనియా. పన్నెండేళ్లయింది. మొదటి అయిదారేళ్లు ఏ మందూ పట్టలేదు, చివరికి క్లోజపిన్ పట్టింది. అప్పట్నుంచి పొద్దున్నే లేచి పాలకి వెళ్తాడు, మా పాపకి ఎక్కాలు అప్పజెప్పిస్తాడు, క్రికెట్ స్కోరు నాకంటే ముందే చెప్తాడు. నెలకోసారి జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించి మందులు తెచ్చుకుంటాం. రెండు బస్సులు మారాలి, ఒకరోజు పని పోతుంది. అదంతా అలవాటైపోయింది, దాని గురించి కాదు.

పోయిన నెల అమ్మ వెళ్తే, ఫార్మసీ కిటికీ దగ్గర చీటీ చూసి ఆ ఒక్క మందు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి వెనక్కిచ్చారు. "ఇది లేదమ్మా, వచ్చే వారం కనుక్కో." మిగతావన్నీ ఇచ్చారు. క్లోజపిన్ వల్ల వచ్చే మలబద్ధకానికి కూడా మందిచ్చారు. క్లోజపిన్ మాత్రం లేదు! మా టౌన్లో నాలుగు మందుల షాపులు తిరిగాను. ఒకాయన "అది అడిగేవాళ్లే ఉండరు బాబూ, తెప్పిస్తే డేట్ అయిపోతుంది" అన్నాడు.

ఇంట్లో రెండు రోజులకే మిగిలాయి. అవి అయ్యాక రెండో రాత్రి నుంచి నిద్ర లేదు. అయిదో రోజు టీవీ వెనక వైరు కత్తెరతో కోసేశాడు, అందులోంచి తన పేరు పెట్టి పిలుస్తున్నారట. పాప గుమ్మంలో నిలబడి చూస్తోంది, చేతిలో ఎక్కాల పుస్తకం.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేశారు. చికిత్స హక్కు అన్నారు. ఏటా అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని, పేపర్లో ఫొటోలు, ర్యాలీలు. కింద ఏం మారిందో ఎవరికైనా కనిపించిందా? నాకైతే ఆ కిటికీ, ఆ ఎర్ర సున్నా తప్ప ఏం కనిపించలేదు.

రాత్రిడ్యూటీ
చర్చ తర్వాత, ముందిది చదవండి, నర్సుగా చెప్తున్నా. క్లోజపిన్ 48 గంటలకి మించి ఆగితే, మళ్లీ దొరికాక పాత డోసు వేసేయకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టి డాక్టరు చెప్పినట్టు మెల్లగా పెంచుకుంటూ రావాలి. ఆయన ఎంత వేసుకునేవారు? ఇప్పుడు వేస్తున్నారా?

మాత్రలడబ్బా
రోజుకి 300. ఎనిమిదో రోజున మా బావ వేరే జిల్లా నుంచి బస్సు పార్సిల్లో పంపాడు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే అచ్చం మీరు చెప్పిందే చెప్పారు. లేకపోతే అమ్మ ఆ రాత్రే 300 వేసేసేది. ఇప్పుడు 150 దగ్గర ఉన్నాం. మూడు వారాలైంది. పాలకి ఇంకా వెళ్లట్లేదు.

రాత్రిడ్యూటీ
హమ్మయ్య. మా పైవాళ్లకి నేను చెప్పీ చెప్పీ అలిసిపోయిన మాట ఇదే. స్టాక్ రెండు రోజులు ఆలస్యమైతే మనిషి మూడు వారాలు వెనక్కి పోతాడు. ఇండెంట్ (ఏ మందు ఎంత కావాలో పైకి రాసి పంపేది) కాగితం మీద మాత్రం పారాసిటమాల్‌కీ ఒకటే గడి, క్లోజపిన్‌కీ ఒకటే గడి.

పాతఫైలు
వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేసి దిగాను. చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెప్తా.

18వ సెక్షన్, 10వ సబ్‌సెక్షన్. ప్రభుత్వం అత్యవసర మందుల జాబితా ప్రకటించాలి. ఆ జాబితాలో ఉన్న మందులన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం, అంటే సీహెచ్‌సీ నుంచి పైన ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, అన్ని వేళలా, ఉచితంగా దొరకాలి. "అన్ని వేళలా" అన్నది నా సొంత కవిత్వం కాదు, చట్టంలో ఉన్న మాటే. కేంద్రం అత్యవసర మందుల జాబితాలో క్లోజపిన్ ఉంది. మీ రాష్ట్రం జాబితాలో కూడా ఉందో లేదో ముందు చూసుకోండి, అదే మీ ఆయుధం.

ఎర్రబస్సు
అన్ని వేళలా అంటే ఓపీ వేళలా సార్? ఉదయం 9 నుంచి 12, పండగ సెలవులు మినహా?

మాత్రలడబ్బా
పాతఫైలు గారూ, సెక్షన్లు నాకూ కంఠతా వచ్చేశాయి. కిటికీ అవతల కూర్చున్నాయనకి 18వ సెక్షన్ చెప్తే ఏమంటాడో తెలుసా? "పై నుంచి రాలేదు." ఆయన తప్పూ కాదు.

పాతఫైలు
కిటికీలో ఆయనకి చెప్పి లాభం లేదు, కాగితం పెట్టాలి. మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అని ఉంది. సెక్షన్ 77 కింద రోగి పెట్టచ్చు, అతను నామినేట్ చేసిన ప్రతినిధి పెట్టచ్చు. ఫీజు లేదు. అధ్యక్షుడు జిల్లా జడ్జి స్థాయి మనిషి. సభ్యుల్లో ఇద్దరు తప్పనిసరిగా రోగులో, సంరక్షకులో, ఈ రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల వాళ్లో అయి ఉండాలి. అంటే బల్ల అవతలి వైపు మీలాంటి వాళ్లు కూర్చునే వీలు చట్టంలోనే ఉంది. దీనికి ముందున్న 1987 చట్టంలో ఇది లేదు. 1912 నాటి లూనసీ చట్టం సంగతి సరేసరి, అందులో మనల్ని పిలిచిన పేరే వేరు.

ఎర్రబస్సు
బోర్డు ఉంది అన్నారు బానే ఉంది. ఎక్కడ ఉంది? నేను మా జిల్లా కలెక్టరేట్లో అడిగితే ఒకాయన గోడ మీద నోటీసు బోర్డు చూపించాడు. నిజంగా. ఒట్టు.

లిథియం_బాబాయ్
ఇందాకట్నుంచి చూస్తున్నా. నర్సు మాట్లాడారు, గుమస్తా మాట్లాడారు, తమ్ముడు మాట్లాడాడు. రోగిని నేను మాట్లాడతా.

నాది బైపోలార్, మనసు విపరీతంగా పైకీ కిందకీ ఊగే జబ్బు. నా పేరులో ఉన్న లిథియం దానికి వాడే మందే. రెండుసార్లు ఆసుపత్రిలో చేరాను. 2009లో ఒకసారి, 2021లో ఒకసారి. ఏం మారింది అని అడిగావు కదా తమ్ముడూ, నా ఒంటి మీదే చూపిస్తా.

2009లో మా అన్నలిద్దరూ "పెళ్లికెళ్దాం రా" అని కారెక్కించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నా. కారు ఆగింది ఆసుపత్రి వెనక గేటు దగ్గర. సంతకాలన్నీ వాళ్లే చేశారు. నన్ను ఒక్క మాట అడిగినవాడు లేడు. మర్నాడు షాక్ ట్రీట్‌మెంట్. మత్తు లేదు, కండరాలు సడలించే ఇంజెక్షన్ లేదు, డైరెక్టుగా. దాని గురించి ఇంతకంటే రాయను. నలభై రోజుల్లో ఒక్క ఫోన్ కూడా చెయ్యనివ్వలేదు.

2021లో మళ్లీ పైకి లేచింది. ఈసారి మా ఆవిడతో నేనే నడిచి వెళ్లా. ఓ ఫారం చేతిలో పెట్టి "చదువుకోండి, అర్థం కాకపోతే అడగండి" అన్నారు. నా తరఫున ఎవరు మాట్లాడాలో రాయమన్నారు. మా ఆవిడ పేరు రాశా, పెద్దన్న పేరు రాయలేదు. ఆయనకి ఇప్పటికీ కోపమే. షాక్ అవసరం రాలేదు. వచ్చినా మత్తు లేకుండా ఇవ్వడానికి 95వ సెక్షన్ ఒప్పుకోదు. గొలుసు వెయ్యడానికీ ఒప్పుకోదు. మూడో రోజు నా ఫోన్ నాకిచ్చారు.

నేను చేరిన రెండు చోట్లా మంచాలు అవే, దోమలు అవే. కానీ మొదటిచోట నేను సరుకుని, రెండోచోట మనిషిని. దీన్ని "ఏం మారలేదు" అంటే నేను ఒప్పుకోను.

మాత్రలడబ్బా
బాబాయ్, ఒక్క అనుమానం. రెండోది ప్రైవేటా?

లిథియం_బాబాయ్
అందరూ అదే అడుగుతారు. మొదటిది ప్రైవేటు. రెండోది ప్రభుత్వానిది.

ఎర్రబస్సు
ఈ దెబ్బకి నా జోకులన్నీ వెనక్కి తీసుకుంటున్నా. నోటీసు బోర్డుది తప్ప.

కందిచేను
మా దిక్కు ముచ్చట గూడ రాస్త. 2020ల లాక్‌డౌన్ వెట్టంగనె కల్లు దుకాణాలు బంద్ అయినయ్. మా నాయిన దినాం తాగేది మందు కల్లు, అల్ప్రాజోలం కలిపిన సరుకు. మూడో దినానికి చేతులు వణుకుడు షురూ అయింది, గోడ మీద లేని చీమలను ఏరుడు వెట్టిండు. దయ్యం వట్టింది, నిమ్మకాయలు గొయ్యాలె అన్నరు ఊరోళ్లు. మండలంల అడిగితె "జ్వరమా?" అన్నరు. ఆఖరికి ఎర్రగడ్డకు తీస్కపోతె, ఆడ మా నాయిన లెక్కనె లైన్ల మస్తు మంది. అందరికీ గదే వణుకుడు. గప్పుడు దెల్సింది, మాకు వట్టింది దయ్యం గాదు, సీసల కలిపిన గోలీ అని.

చిన్నప్పటి సంది "నిన్ను ఎర్రగడ్డకు తోలాలె" అని ఎంతమందిని తిట్టిననో నాకే యాది లేదు. గా లైన్ల నిలవడ్డంక మల్ల ఎన్నడు అనలే.

పోయినేడు మా పక్కింటోల్ల పిలగానికి గట్లనె అయితె నేనె 14416కు, సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, ఫోన్ గొట్టిన. తెలుగులనె మాట్లాడిన్రు. ఎంత సేపటి సంది వణుకుతుండు, ఫిట్స్ వచ్చినయా, ఇంతకుముందు వచ్చినయా అని ఒక్కొక్కటి అడిగి, ఇంట్ల ఉంచకుండ్రి, ఇప్పుడే దవాఖానకు తీస్కపోండ్రి అన్నరు. 2020ల ఇది ఉంటె మా నాయినకు రెండు దినాల గోస తప్పుతుండె.

అద్దంలోచందమామ
ఫోన్ ఎత్తి మాట్లాడ్డం సంస్కరణ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. కాల్ సెంటర్ పెట్టి చేతులు దులుపుకున్నారు. అన్నయ్య మాత్ర ఫోన్లోంచి రాదు కదా.

రాత్రిడ్యూటీ
మాత్ర రాదు, నిజమే. కానీ ఆ 14416ని, అదే టెలీ మానస్‌ని, తీసిపారెయ్యకండి. 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఇరవై భాషల్లో నడుస్తోంది, ఇప్పటికి 20 లక్షలకి పైగా కాల్స్ వచ్చాయి. ఇరవై లక్షల సార్లు ఎవరో ఒకరు, ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేనిది, పేరు చెప్పకుండా చెప్పుకున్నారు. పదేళ్ల కింద ఆ మాటలు ఎక్కడికి పోయేవి?

నా గొడవ వేరే. ఆ ఫోన్ పెట్టేశాక మనిషి వచ్చేది మా దగ్గరికి. మా దగ్గర మనుషులేరీ? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఒక టీమ్ ఉండాలి: సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సులు, రికార్డులు చూసేవాళ్లు. మా జిల్లాలో కూర్చున్నది ముగ్గురం. సైకాలజిస్టు కుర్చీ రెండేళ్లుగా ఖాళీ. దాని మీద ఇప్పుడు వాటర్ క్యాన్ పెట్టుకున్నాం. ఉన్న ముగ్గురిలో ఇద్దరం కాంట్రాక్టు. ఏటా మార్చి వచ్చిందంటే రోగులకంటే మాకే ఆందోళన ఎక్కువ.

ఎర్రబస్సు
ఆ క్యాన్‌కైనా రెగ్యులర్ పోస్టింగ్ ఇప్పించండి.

పాతఫైలు
ఈ జిల్లా కార్యక్రమం చరిత్ర చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. జాతీయ కార్యక్రమం 1982లో ప్రకటించారు. మన పక్కనే బళ్లారిలో బెంగళూరు నిమ్హాన్స్ (జాతీయ మానసిక వైద్య సంస్థ) వాళ్లు చేసి చూపించారు: మామూలు పీహెచ్‌సీ డాక్టరుకి శిక్షణ ఇస్తే చాలా కేసులు ఊరు దాటక్కర్లేదని. దాన్ని పట్టుకుని 1996లో జిల్లా పథకం మొదలుపెట్టారు. ఇప్పుడు దేశంలో 767 జిల్లాలకి మంజూరైంది. మంజూరుకీ, కుర్చీలో మనిషికీ మధ్య దూరం ఎంతో ఆవిడ చెప్పిన వాటర్ క్యాన్ చూస్తే తెలుస్తుంది.

దేశమంతా కలిపి లక్ష మందికి 0.75 సైకియాట్రిస్టు. ముప్పావు డాక్టరు! అది 2019లో వేసిన లెక్క. పెద్దవాళ్లలో నూటికి పది మందికి పైగా (10.6 శాతం) ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని 2015–16 జాతీయ సర్వేలో తేలింది. పన్నెండు రాష్ట్రాల్లో తిరిగారు. అందులో ఆంధ్రా లేదు, తెలంగాణా లేదు.

మాత్రలడబ్బా
అంటే మనం లెక్కలో కూడా లేమన్నమాట. అద్భుతం.

అద్దంలోచందమామ
నన్ను తిట్టినా సరే, ఒకటి అడుగుతా. అందరూ మాత్ర, డాక్టరు, సెక్షను అంటున్నారు. మా అత్తయ్యకి డిప్రెషన్ అన్నారు, రెండేళ్లు మందులు మింగింది, మగతగా పడుండేది. చివరికి గుళ్లో సేవకి వెళ్లడం మొదలుపెట్టింది, నలుగురితో కలిసింది, బాగైంది. మనసుకి వచ్చినవన్నీ జబ్బులేనా? మందుల కంపెనీలు బాగుపడ్డానికి కాదూ ఇదంతా?

లిథియం_బాబాయ్
అత్తయ్య గారు బాగైనందుకు సంతోషం. నిజంగానే. నలుగురిలో పడటం కూడా వైద్యమే, నాకూ మా లైబ్రరీ గ్యాంగు అంతే. కానీ మందు మానేసి గుళ్లో కూర్చోమని నాకు చెప్పినవాళ్లు ఒకళ్లు కాదు, పాతికమంది. విని మానేశా. ఆ నెలలో నేను కొన్న వస్తువుల జాబితా చెప్తే నవ్వుతారు: మూడు ఫ్రిజ్‌లు. అప్పులోళ్లు నవ్వలేదు.

పాతఫైలు
గుడో దర్గానో వద్దు అని ఎవరూ అనక్కర్లేదు. గుజరాత్‌లో ఉనావా అని ఊరుంది, అక్కడ మీరా దాతార్ దర్గా. దయ్యాలు వదిలించుకోవడానికి జనం పోతారు. "దవా, దువా" (మందు, ప్రార్థన) పేరుతో ఆ ప్రాంగణంలోనే మానసిక వైద్యుల్ని కూర్చోబెట్టారు. దర్గా సేవకులు, ముజావర్లే "దువా చేశాం, ఇక దవా తీసుకో" అని పంపిస్తారు. పోట్లాట పెట్టుకోలేదు, పక్కన కుర్చీ వేసుకున్నారు.

రెండో వైపు కూడా చెప్పాలి. 2001 ఆగస్టు 6, తమిళనాడులో ఎర్వాడి. అదీ దర్గా ఊరే. ఆ ప్రైవేటు ఆశ్రమంలో రోగుల్ని గొలుసులతో కట్టి ఉంచేవారు. తెల్లవారుజామున నిప్పంటుకుంది. 28 మంది పోయారు, పరిగెత్తే దారి లేక. బాబాయ్ చెప్పిన 95వ సెక్షన్‌లో గొలుసు అనే మాట ఊరికే రాలేదు.

అద్దంలోచందమామ
గొలుసుల్ని నేనెందుకు సమర్థిస్తానండీ. నేనడిగింది అది కాదు. సరే వదిలెయ్యండి. ఉనావా సంగతి మాత్రం నాకు తెలీదు, మంచి విషయం చెప్పారు.

మూడోబెంచి
చట్టం పాసైనప్పుడు నేను స్కూల్లో ఉన్నా. ఇప్పుడు లాంగ్ టర్మ్ కోచింగ్ హాస్టల్లో ఉన్నా. విశాఖలో నీట్‌కి చదివే అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు గైడ్‌లైన్స్ ఇచ్చింది కదా. నూరు మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతిచోటా క్వాలిఫైడ్ కౌన్సిలర్ ఉండాలి, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దు, అందరి ముందూ అవమానించొద్దు, ఇలా పదిహేను.

మా దగ్గర వారంలోనే బోర్డు వచ్చేసింది: "కౌన్సెలింగ్ రూమ్". భలే స్పీడ్ అనుకున్నాం. నేను వెళ్లా, ఎందుకంటే నాకు రెండు నెలలుగా నిద్ర పట్టట్లేదు. లోపల కూర్చుంది అడ్మిషన్ల సారు. బల్ల మీద ఫీజు బకాయిల రిజిస్టరు. "ఏం ప్రాబ్లెమ్మా? టర్మ్ టూ కట్టారా?" అన్నారు. కట్టలేదు. వచ్చేశా.

ఎర్రబస్సు
నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు తల్లీ.

రాత్రిడ్యూటీ
మూడోబెంచి, ఇప్పుడు నిద్ర ఎలా ఉంది? ఎవరికైనా చెప్పావా? బతకాలని లేదు లాంటి ఆలోచనలు ఏమైనా వస్తున్నాయా? సూటిగా అడుగుతున్నా, ఏమనుకోకు. ఇక్కడ రాయడం ఇష్టం లేకపోతే నాకు మెసేజ్ పెట్టు.

మూడోబెంచి
అలాంటివి లేవక్కా. నిద్రే. రాత్రి రెండింటికి గుండె దడగా లేస్తా. అమ్మకి చెప్పలేదు, చెప్తే ఇంటికి వచ్చెయ్ అంటుంది.

రాత్రిడ్యూటీ
ఈరోజే 14416కి చెయ్యి. పేరు, కోచింగ్ పేరు చెప్పక్కర్లేదు. గదిలో మాట్లాడలేకపోతే మేడ మీదకెళ్లకు, కింద గేటు దగ్గర బెంచీ ఉంటే అక్కడ కూర్చుని చెయ్యి. అమ్మకీ చెప్పు. "వచ్చెయ్" అంటే అనన్నీ. ఒకసారి అనేసి, తర్వాత వింటారు. రేపు ఇక్కడ ఒక్క ముక్క రాయి, ఎదురుచూస్తా.

కందిచేను
రాయి చెల్లె. మేం గూడ సూస్తం.

పాతఫైలు
అమ్మాయి మాట మీద ఒకటి కలుపుతా. ఆత్మహత్యాయత్నం చేసిన వాళ్ల మీద వెనక కేసు పెట్టేవారు, ఐపీసీ 309. ఆ భయంతో ఆసుపత్రిలో కూడా "పొరపాటున జరిగింది" అని రాయించుకునేవారు. 2017 చట్టం 115వ సెక్షన్ దాన్ని తిప్పేసింది: తీవ్ర ఒత్తిడిలో చేసిందనే అనుకోవాలి, శిక్షించకూడదు, వైద్యం అందించడం ప్రభుత్వం బాధ్యత. ఇప్పుడు కొత్త న్యాయ సంహితలో 309 పూర్తిగా పోయింది.

నల్లకోటు
చిన్న సవరణ సార్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309కి సమానమైనది తీసేశారు, నిజమే. కానీ 226 అని ఒకటి పెట్టారు. ప్రభుత్వోద్యోగిని తన డ్యూటీ చెయ్యకుండా ఆపడానికో, ఏదైనా బలవంతంగా చేయించడానికో ఆత్మహత్యాయత్నం చేస్తే ఏడాది దాకా జైలు. "పూర్తిగా" అన్న మాట తీసెయ్యండి.

ఇంకోటి, పోలీసుల గురించి ఎవరూ ఎత్తలేదు. మతి స్థిమితం లేక తిరుగుతున్నవాళ్లని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. సెక్షన్ 100. ఈ సెక్షన్ ప్రింటవుట్ నా బండి డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. ఇప్పటికి నాలుగు స్టేషన్లలో ఇచ్చా. మూడుచోట్ల ఎస్సై గారు కూర్చోబెట్టి చదివారు. ఒకచోట దాని మీద టీ గ్లాసు పెట్టారు.

పాతఫైలు
సవరణ ఒప్పుకున్నా. ఈ వయసులో "పూర్తిగా" అనే మాట వాడకూడదు.

బీమాబండి
ఇన్సూరెన్స్ వైపు నుంచి ఒక ముక్క. 21వ సెక్షన్ నాలుగో సబ్‌సెక్షన్: ఒంటి జబ్బుకి ఎలా ఇస్తారో మనసు జబ్బుకీ అలాగే బీమా ఇవ్వాలి. బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చింది. కంపెనీలు కదల్లేదు. 2022 అక్టోబర్లో మళ్లీ ఇచ్చి, ఆ నెలాఖరు గడువు పెట్టింది. ఇప్పుడు పాలసీ కాగితాల్లో మినహాయింపుల జాబితాలోంచి ఆ లైను పోయింది.

పోయింది కానీ... చాలా పాలసీల్లో ఆసుపత్రిలో చేరితేనే క్లెయిము. మానసిక వైద్యంలో ఎక్కువ భాగం ఓపీ, మాత్రలు, కౌన్సెలింగ్. అది జేబులోంచే. ఇంకో బాధ చెప్తా. ప్రపోజల్ ఫారంలో "యాంగ్జైటీకి మందు వాడాను" అని నిజం రాసిన కస్టమర్‌కి పాలసీయే రాలేదు. అదే ఆఫీసులో నిజం దాచినాయనకి వచ్చింది. ఏజెంటుగా నేను ఏం సలహా ఇవ్వాలో చెప్పండి.

నల్లకోటు
నిజమే రాయించండి. దాచితే రేపు క్లెయిము టైమ్‌లో ఏ జబ్బుకైనా అదే సాకు చూపిస్తారు. తిరస్కరించిన కారణం రాతపూర్వకంగా అడగండి. కారణంలో ఆ మందు పేరు ఉంటే అంబుడ్స్‌మన్ దాకా వెళ్లే కేసు అది.

మాత్రలడబ్బా
చర్చ బీమాకి, పోలీసులకి పోయింది, పర్లేదు, చదువుతున్నా. ఒక్క విషయంలో బాబాయ్‌కి సగం ఒప్పుకుంటా. అన్నయ్యని ఎవరూ కట్టెయ్యలేదు, కొట్టలేదు. ఓపీలో డాక్టరు గారు అమ్మతో కాదు, అన్నయ్యతోనే మాట్లాడతారు: "నిద్రెలా ఉంది, ఉమ్మి ఎక్కువ కారుతోందా, తలగడ తడుస్తోందా" అని. మా నాన్న ఉన్న రోజుల్లో డాక్టర్లు నాన్నతోనే మాట్లాడేవారు, అన్నయ్య గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అది మారింది, నేను గమనించలేదు.

అయినా నా ప్రశ్న అక్కడే ఉంది. గౌరవంగా మాట్లాడి మాత్ర ఇవ్వకపోతే?

లిథియం_బాబాయ్
అది నిజం. మర్యాద మింగితే లిథియం లెవెల్ పెరగదు.

రాత్రిడ్యూటీ
మారనిది నేనూ ఒకటి చూపిస్తా. ఇంతకుముందు పనిచేసిన ఆసుపత్రి వార్డులో ఒకావిడ ఉండేది. జబ్బు తగ్గి తొమ్మిదేళ్లు. డిశ్చార్జి రాసి ఉంది. తీసుకెళ్లేవాళ్లు లేరు. చేర్పించినప్పుడు ఇచ్చిన అడ్రసులో ఇప్పుడు సెల్ టవరుంది. ఆవిడ ప్రతి ఆదివారం స్నానం చేసి, రెండు చీరలు, దువ్వెన, పౌడరు డబ్బా సంచిలో సర్దుకుని గేటుకి కనపడేలా కూర్చునేది. సాయంత్రం విజిటింగ్ అవర్స్ అయ్యాక సంచి విప్పి చీరలు మళ్లీ గూట్లో పెట్టేసేది. ఏడ్చేది కాదు. అదొక పనిలా చేసేది.

2017 చట్టం 19వ సెక్షన్ చెప్తోంది: ఇంటివాళ్లు రానంత మాత్రాన మనిషిని ఆసుపత్రిలో ఉంచెయ్యకూడదు, బయట బతకడానికి చోటు ప్రభుత్వం చూపించాలి అని. 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ దేశంలో ఉన్న 46 ప్రభుత్వ మానసిక వైద్యశాలల పరిస్థితి దయనీయంగా ఉందని చెప్తూ, నయమైనవాళ్లని కూడా ఇంకా లోపలే ఉంచుతున్నారని ఎత్తిచూపింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ సంచే గుర్తొచ్చింది.

అద్దంలోచందమామ
ఆవిడ ఇప్పుడు?

రాత్రిడ్యూటీ
నేను బదిలీ అయ్యేనాటికి ఒక సంస్థ వాళ్లు నడిపే ఇంటికి పంపారు. ఆరుగురు ఆడవాళ్లు, ఒక వంటగది. ఆవిడ పప్పులో చింతపండు ఎక్కువేస్తుందని మిగతావాళ్లకి కంప్లైంటట.

ఎర్రబస్సు
ఈ థ్రెడ్లో నేను విన్న మొదటి మంచి కంప్లైంటు.

పాతఫైలు
మాత్రలడబ్బా గారూ, పని మాట. మూడు కాగితాలు పెట్టండి. ఒకటి, ఆసుపత్రి సూపరింటెండెంటుకి: ఏ తేదీన, ఏ మందు, ఎన్ని మాత్రలు లేవన్నారో, ఆ ఎర్ర సున్నా చీటీ జిరాక్సు జతచేసి. రశీదు ముద్ర వేయించుకోండి. రెండు, సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయల ఫీజు: గత ఏడాదిలో క్లోజపిన్ ఎప్పుడెప్పుడు ఇండెంట్ పెట్టారు, ఎప్పుడు వచ్చింది, ఎన్ని రోజులు నిల్ స్టాక్. మూడు, బోర్డుకి. రెండో కాగితం ముందు పెట్టండి. స్టాక్ రిజిస్టరు అడిగారని తెలిస్తేనే సగం ఫైళ్లు కదులుతాయి, నా అనుభవం.

రాత్రిడ్యూటీ
నాలుగోది నేను చెప్తా, ఇది కాగితం కాదు. ఫార్మసిస్టు దగ్గర కూర్చుని మీ ఓపీలో క్లోజపిన్ వాడేవాళ్లు నెలకి ఎంతమందో ఒక లిస్టు రాయించండి. చాలాచోట్ల ఇండెంట్ పోయిన నెల ఖర్చుని చూసి పెడతారు. పోయిన నెల స్టాక్ లేకపోతే ఖర్చు సున్నా. ఖర్చు సున్నా అయితే ఈ నెల ఇండెంట్ కూడా సున్నా. అలా ఒక మందు కిటికీలోంచి మాయమైపోతుంది. మా దగ్గర మేం పేర్లతో లిస్టు పెట్టి మనుషుల లెక్కన ఇండెంట్ మొదలెట్టాక ఏడాదిగా తెగలేదు. దీనికి చట్టం అక్కర్లేదు, రూళ్ల పుస్తకం ఒకటి చాలు.

మాత్రలడబ్బా
ఖర్చు సున్నా, అందుకని ఇండెంట్ సున్నా! ఇది నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. ఆ ఎర్ర సున్నా అక్కడ్నుంచి వచ్చిందన్నమాట.

మూడోబెంచి
అక్కా, చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడారు. మళ్లీ శుక్రవారం వాళ్లే చేస్తామన్నారు. అమ్మకి కూడా చెప్పా. మీరన్నట్టే ముందు వచ్చెయ్ అంది. తర్వాత ఫీజు సంగతి నేను చూస్తాలే, పడుకో అంది.

రాత్రిడ్యూటీ
❤️ శుక్రవారం ఫోన్ ఛార్జింగ్ పెట్టుకో.

మాత్రలడబ్బా
అప్‌డేట్. ఆర్టీఐ పెట్టా, సూపరింటెండెంటు ఆఫీసులో ముద్ర వేయించుకున్నా. ఫార్మసిస్టు గారు లిస్టు అనగానే మొహం చిట్లించారు, తర్వాత ఆయనే పాత ఓపీ రిజిస్టరు తీశారు. ఇద్దరం లెక్కపెట్టాం. క్లోజపిన్ వాళ్లు మొత్తం పదిహేడు మంది. నేనైతే మా అన్నయ్య ఒక్కడే అనుకున్నా. వచ్చే బుధవారానికి స్టాక్ అన్నారు.

అన్నయ్య ఇప్పుడు 225. నిన్న స్ట్రిప్పులు కత్తెరతో రోజుకింత అని తనే కత్తిరించి, ఒక్కో ముక్క వెనక తారీఖు రాసుకున్నాడు. అదే కత్తెర. బుధవారం దాటి ఇంకో నాలుగు రోజులకి ఉన్నాయి.

తుమ్మచెట్టు
ఇన్నాళ్లూ చదవడమే, ఎప్పుడూ రాయలేదు. పదిహేడు అన్నారు. మీది బుధవారం ఓపీయేనా? ఆసుపత్రి గేటు పక్కన చెరుకురసం బండి ఉంటుందా? అదే అయితే మా అమ్మాయి ఆ పదిహేడులో ఒకతి. పోయిన నెల మా చీటీ మీద కూడా ఎర్ర సున్నా చుట్టారు.

మాత్రలడబ్బా
ఉంటుంది. చెరుకురసం బండే.

తుమ్మచెట్టు
అయితే బుధవారం తొమ్మిదింటికి కిటికీ దగ్గర. నా చేతిలో పచ్చ బుట్ట ఉంటుంది. మీ లిస్టు జిరాక్సు ఒకటి తీసుకురండి.